ఎండ పడని ఫ్లాట్‌లో ఎల్‌ఈడీ లైట్ల కింద ఆకుకూరలు: ఏ లైటు, ఎంత ఎత్తు, ఎన్ని గంటలు?

తూర్పుగుమ్మం:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ గోడ ఉండడంతో బాల్కనీలోకి నేరుగా ఎండ రాదు. హాల్లో ఇనుప రాక్ ఖాళీగా ఉంది. 4 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, మూడు అరలు, అరకీ అరకీ మధ్య 18 అంగుళాలు. కొత్తిమీర, మెంతికూర, పాలకూర, తోటకూర, గోంగూర వేద్దామని. ఆన్‌లైన్‌లో "1000 వాట్స్" అని రాసిన ఊదారంగు గ్రో లైట్లు చాలా చౌకగా కనిపిస్తున్నాయి. అవి కొనాలా, మామూలు ఎల్‌ఈడీ ట్యూబ్‌లు సరిపోతాయా? దయచేసి లెక్కతో చెప్పండి.

వెలుగులెక్క:
తూర్పుగుమ్మం గారూ, ముందు వాట్ల సంగతి పక్కన పెట్టండి. లైటు ఎంత కరెంటు తింటుందో వాట్లు చెబుతాయి, ఆకుకి ఏం అందుతుందో చెప్పవు. మొక్క వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలను. ఒక చదరపు మీటరు మీద సెకనుకి అవి ఎన్ని మైక్రోమోల్‌లు (కణాలని లెక్కపెట్టే ప్రమాణం) పడుతున్నాయో చెప్పే కొలత పీపీఎఫ్‌డీ. రోజంతటి మొత్తం డీఎల్ఐ. వానకి చినుకు జోరు వేరు, రోజు మొత్తంలో పడ్డ సెంటీమీటర్లు వేరు కదా, అలాగే ఇదీ. లెక్క చిన్నదే: పీపీఎఫ్‌డీ × గంటలు × 0.0036 = డీఎల్ఐ.

ఎవరికెంత కావాలంటే, మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్ లాంటివి 2 నుంచి 4 డీఎల్ఐతో బతికేస్తాయి. మైక్రోగ్రీన్స్‌కి (మొలిచిన కొద్ది రోజులకే కోసి తినే చిట్టి మొలకలకి) 6 నుంచి 10. ఆకుకూరలకి 12 నుంచి 17 ఉంటే బాగా వస్తాయి, 10 దగ్గర కూడా కోతకొస్తాయి, కాస్త ఆలస్యంగా. మిరప, టమాటా కాయాలంటే 20 దాటాలి.

మీ గదిలో కిటికీకి మూడడుగుల లోపల పగలు 1000 లక్స్ (కంటికి కనిపించే వెలుగు కొలత) ఉందనుకుందాం. ఎండ వెలుగుకి లక్స్‌ని 54తో భాగిస్తే పీపీఎఫ్‌డీ వస్తుంది, అంటే దాదాపు 18. మిట్ట మధ్యాహ్నం ఆరుబయట ఇదే 2000 దాకా ఉంటుంది. మన కన్ను చీకటికి సర్దుకుపోతుంది కాబట్టి గది వెలుతురుగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆకు అలా సర్దుకోలేదు.

ఇప్పుడు మీ రాక్. 4 అడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ (మీరన్న ట్యూబ్ లైటే, పట్టీలా ఉంటుంది) సుమారు 2000 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. తెల్ల ఎల్‌ఈడీకి 70తో భాగించాలి, అంటే సెకనుకి 28 మైక్రోమోల్‌లు. అర విస్తీర్ణం 0.37 చదరపు మీటర్లు. పక్కలకి పోయేది పోగా ముప్పావు వంతు మొక్కల మీద పడితే ఒక్కో బ్యాటెన్ 57 పీపీఎఫ్‌డీ ఇస్తుంది. రెండు పెడితే 115, నాలుగు పెడితే 230. నాలుగింటిని 14 గంటలు వెలిగిస్తే డీఎల్ఐ 11.6. ఆకుకూరకి చాలు. రెండే పెడితే మైక్రోగ్రీన్స్‌కి సరిపోతుంది, తోటకూరకి సరిపోదు. కాబట్టి మామూలు బ్యాటెన్లే కొనండి, అరకి నాలుగు చొప్పున, 3 అంగుళాల ఎడంతో.

నారుమడి:
చిన్న సందేహం. పత్రహరితం ఎరుపు, నీలం రంగుల్నే పీల్చుకుంటుందని చదువుకున్నాం. తెల్ల లైటులోని పచ్చ రంగు వృథా కాదా? అందుకేగా ఊదారంగు లైట్లు చేశారు?

వెలుగులెక్క:
ఆ పాఠ్యపుస్తకం గ్రాఫు ఆకు నుంచి తీసి ద్రావణంలో కరిగించిన పత్రహరితానిది. మొక్క మీదున్న పూర్తి ఆకు అలా పనిచేయదు. కీత్ మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 1972లో ప్రచురించిన కొలతల్లో చాలా పంటల ఆకులు పచ్చ కాంతితోనూ బాగానే కిరణజన్య సంయోగక్రియ జరిపాయి. ఎరుపు, నీలం ఆకు పై పొరల్లోనే ఆగిపోతాయి. పచ్చ కాంతి ఇంకా లోపలికి, కింది ఆకుల దాకా దిగుతుంది. గుబురుగా పెరిగే కొత్తిమీరకి అది లాభమే.

ఇంకో మాట, ఇది నాకు ముఖ్యం: ఊదారంగు లైటు కింద ఆకు నల్లగా కనిపిస్తుంది. పసుపు తిరిగిందా, మచ్చ వచ్చిందా, పేను పట్టిందా ఏమీ తెలియదు. తెలిసేసరికి కుండీ మొత్తం పోతుంది.

ఇక "1000 వాట్స్" సంగతి. అది "1000 వాట్ల పాత దీపానికి సమానం" అని చెప్పుకునే అంకె. ప్లగ్‌కి తగిలించే వాట్ మీటర్ పెట్టి చూస్తే ఇలాంటివి తరచుగా 100 వాట్ల దగ్గర ఉంటాయి. కొనేముందు మూడు చూడండి: గోడ దగ్గర తీసుకునే అసలు వాట్లు, వాట్‌కి ఎన్ని మైక్రోమోల్‌లు (2 పైన ఉంటే మంచిది, 2.5 దాటితే చాలా మంచిది), డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు మార్చి ఇచ్చే భాగం) మీద బీఐఎస్ నాణ్యత గుర్తు. ఈ మూడింటిలో ఏదీ రాయని పెట్టె కొనొద్దు.

నారుమడి:
అర్థమైంది, ధన్యవాదాలు. లైటు రంగు 6500 కెల్విన్ తెల్లది మేలా, 4000ది మేలా?

వెలుగులెక్క:
ఆకుకూరలకి ఏదైనా పర్వాలేదు. 6500లో నీలం ఎక్కువ, మొక్క పొట్టిగా గట్టిగా వస్తుంది, 18 అంగుళాల అరలో అదే నయం. మిరప, టమాటా అయితే 3000 నుంచి 4000, వీలైతే 660 నానోమీటర్ల ఎరుపు కలిసింది తీసుకోండి.

పందిరిమల్లి:
ఇంట్లో రాక్ మీద ఆకుకూర అనే ఆలోచనే సాధ్యపడింది ఎల్‌ఈడీ వల్ల. అంతకుముందు గ్రీన్‌హౌస్‌లలో వాడినవి 400, 1000 వాట్ల సోడియం దీపాలు. దీపానికి కరెంటు అదుపు చేసే పెద్ద బ్యాలస్ట్, భరించలేని వేడి. మొక్కకి రెండడుగుల పైన వేలాడదీయాలి, లేకపోతే ఆకు మాడుతుంది. వాటిని హాల్లో ఎవరు పెట్టుకుంటారు? 1990లలో మెరుగైన నీలం ఎల్‌ఈడీ వచ్చింది. దాని మీద పసుపు ఫాస్ఫర్ (వెలుగు రంగు మార్చే పొడి) పూస్తే తెల్ల ఎల్‌ఈడీ అయింది. అకసాకి, అమానో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఆ నీలం ఎల్‌ఈడీకే ఇచ్చారు. ఈ లైటు ముందు వైపు వేడి తక్కువ కాబట్టి ఆకుకి జానెడు దూరంలో పెట్టొచ్చు. దూరం తగ్గింది కాబట్టే అరలు పేర్చగలుగుతున్నాం. మేడ లేనివాళ్లు, ఉత్తరం గదివాళ్లు, మంచు దేశాల్లో ఉన్నవాళ్లు మొక్కలు వేస్తున్నారంటే కారణం అదే. ఇది నిజంగా సంతోషించాల్సిన విషయం.

తీగపని:
లైట్ల గురించి అందరూ చెప్పారు, నేను వైరింగ్ గురించి చెబుతాను. మూడు అరలకి 12 బ్యాటెన్లు, 240 వాట్లు. 230 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ పైచిలుకు. లోడ్ ఏమీ లేదు. ప్రమాదమంతా నీళ్లతోనే.

ఇనుప రాక్‌కి తప్పకుండా ఎర్త్ ఇవ్వండి. మూడు పిన్నుల ప్లగ్, ఆ సాకెట్ వెనక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. మామూలు ఎంసీబీ షాక్ నుంచి కాపాడదు, అది షార్ట్ సర్క్యూట్, ఓవర్‌లోడ్ కోసం. ప్రతి తీగా ప్లగ్‌లోకి వెళ్లే ముందు సాకెట్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకెక్కాలి. తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్‌లోకి వెళ్లదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పెట్టొద్దు, గోడకి కట్టండి. నీళ్లు చిమ్మినా తట్టుకునే ఐపీ65 అని ఉన్న బ్యాటెన్లు దొరికితే ఇంకా మంచిది.

టైమర్ గురించి జాగ్రత్త. ముల్లు తిరిగే మెకానికల్ టైమర్ కరెంటు పోయినప్పుడు ఆగిపోతుంది. గంట కోత పడితే మీ షెడ్యూల్ గంట వెనక్కి జరుగుతుంది, నెలాఖరుకి అర్ధరాత్రి లైట్లు వెలుగుతాయి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి. ఎల్‌ఈడీ డ్రైవర్లు ఆన్ అయిన క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. 12 డ్రైవర్లు ఒకే చిన్న టైమర్ మీద ఉంటే లోపలి రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి, లైట్లు ఆరడమే మానేస్తాయి. 16 ఆంపియర్ల టైమర్ వాడండి లేదా రెండు టైమర్లకి పంచండి.

తూర్పుగుమ్మం:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అండి. కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

తీగపని:
ఒక అర 80 వాట్లు × 14 గంటలు = రోజుకి 1.12 యూనిట్లు, నెలకి 34. మూడు అరలూ అయితే నెలకి 100 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 700. కానీ మన బిల్లు స్లాబుల లెక్క. ఈ 100 యూనిట్లు మీరు ఇప్పుడు వాడే దాని మీద పడతాయి కాబట్టి పై స్లాబు రేటు తగులుతుంది. ముందు ఒక్క అరతో మొదలుపెట్టండి, ఒక నెల బిల్లు చూసుకుని రెండోది.

గోంగూరకట్ట:
ఇక్కడ అందరూ 14 గంటలు అంటున్నారు. అది అన్ని పంటలకీ కుదరదు. ఎంత వెలుగు అన్నది ఒకటి, ఎన్ని గంటల పగలు అన్నది వేరొకటి. రాత్రి నిడివిని బట్టి పూతకి రావాలా వద్దా అని మొక్క తేల్చుకుంటుంది. చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించి పూతని ఆలస్యం చేసేది ఈ సూత్రంతోనే.

గోంగూర పొట్టి పగళ్ల మొక్క. లైట్లు 12 గంటలకి తగ్గిస్తే మొగ్గ తొడిగి ఆకు చిన్నదైపోతుంది. 14 గంటలు ఇస్తే ఆకు వేస్తూనే ఉంటుంది. తోటకూరకి, బచ్చలికి కూడా 14 గంటలే మేలు. పైగా తోటకూర సీ4 మొక్క, అంటే వెలుగు ఎంత ఇచ్చినా తింటుంది, దాన్ని అర మధ్యలో పెట్టండి. బ్యాటెన్ల చివర్లలో వెలుగు తక్కువగా ఉంటుంది, అక్కడ మెంతి, పుదీనా పెట్టొచ్చు.

కొత్తిమీర దీనికి పూర్తిగా వ్యతిరేకం. పగలు సాగితే, దానికి వేడి తోడైతే, నాలుగు ఆకులేసి పువ్వుకాడ ఎత్తేస్తుంది. 12 గంటలు చాలు, గది 25 డిగ్రీల లోపు ఉంటే ఇంకా మంచిది. అందుకే కొత్తిమీరని గోంగూరతో ఒకే అరలో, ఒకే టైమర్ మీద పెట్టకండి. పాలకూరలో రెండు రకాలున్నాయి. మన మార్కెట్లో దొరికేది బీట్‌రూట్ జాతిది, 14 గంటలకి తట్టుకుంటుంది. విదేశీ స్పినాచ్ విత్తనం వేస్తే మాత్రం 14 గంటల దగ్గర పూతకొచ్చేస్తుంది, దానికి 11 లేదా 12 గంటలే.

విత్తడం: ధనియాలని చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి రెండు బద్దలు చేసి, 10 గంటలు నానబెట్టి, అర అంగుళం లోతున చల్లండి. మొలకకి 8 నుంచి 12 రోజులు. మెంతులు రెండు మూడు రోజుల్లోనే మొలుస్తాయి, మూడు వారాల్లో కోతకొస్తాయి. మిశ్రమం: కోకోపీట్ 2 పాళ్లు, వర్మీకంపోస్ట్ 2 పాళ్లు, పెర్లైట్ (మిశ్రమం గుల్లగా ఉంచే తెల్లని తేలిక రాళ్లు) 1 పాలు. కోకోపీట్‌ని రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగి పిండండి, ఉప్పు ఎక్కువుంటే మొలక అంచులు మాడతాయి.

పందిరిమల్లి:
వేసవిలో పగలు గది మరీ వేడెక్కుతుంది, లైట్లు రాత్రికి మార్చుకోవచ్చా?

గోంగూరకట్ట:
మార్చుకోవచ్చు, కానీ ఒక చిక్కుంది. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా లైట్లు వేసి, పగలు కిటికీ తెరిచి ఉంచితే మొక్కకి రోజంతా పగలే. కొత్తిమీరకి మీరు 12 గంటలే ఇస్తున్నాననుకుంటారు, అది 24 గంటలు చూస్తుంది. ఆ మసక వెలుగు తిండికి చాలదు గానీ పగలు అని గుర్తుపట్టడానికి చాలు. రోజంతా వెలుగు ఉంటే టమాటా ఆకులు పాలిపోయి దెబ్బతింటాయి కూడా. రాత్రి లైట్లు వేస్తే పగలు రాక్‌కి మందమైన నల్ల గుడ్డ కప్పండి, గాలి ఆడేలా. లేదా కొత్తిమీర, విదేశీ స్పినాచ్ లేని అరకి తెల్లవారుజామున 4 నుంచి సాయంత్రం 4 పెట్టుకోండి, పొద్దుగుంకే దాకా కిటికీ వెలుగు కలిసినా రెండు మూడు గంటలే పెరుగుతుంది.

మిషిగన్_కరివేపాకు:
డెట్రాయిట్ దగ్గర నుంచి. నవంబరు నుంచి కరివేపాకు ఆకులు పసుపై రాలుతున్నాయి. దక్షిణం కిటికీ దగ్గరే ఉంది. ఇంట్లో 18 డిగ్రీలు. లైటు పెడితే ఆగుతుందా?

వెలుగులెక్క:
మీరు 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నారు. డిసెంబరులో పగలు 9 గంటలే, అందులో చాలా రోజులు మబ్బు. దక్షిణం కిటికీ ఉన్నా డీఎల్ఐ సరిపోదు. లైటు కావాలి, కానీ లైటు ఒక్కటే సరిపోదు. కరివేపాకు 15 డిగ్రీల కింద ఎదగడం ఆపేస్తుంది, 18 దగ్గర నెమ్మదిగా కదులుతుంది. ఎదగని మొక్కకి ఎండాకాలం లెక్కన నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. ఆకు పసుపై రాలడానికి చలికాలంలో మొదట అనుమానించాల్సింది అదే. రెండు అంగుళాల లోతు దాకా మట్టి ఎండాకే నీళ్లు పోయండి. ఎరువు ఆపేయండి, కొత్త చిగురు కనిపించాక సగం మోతాదుతో మొదలుపెట్టండి. కుండీ కింద నారు పెంచే హీట్ మ్యాట్ పెట్టి వేరు దగ్గర 22 నుంచి 24 డిగ్రీలు ఉంచితే తేడా తెలుస్తుంది.

లైటు విషయానికొస్తే, మీ దగ్గర దొరికే 4 అడుగుల షాప్ లైట్లు 5000 ల్యూమెన్లవి రెండు, 4×2 అడుగుల జాగా మీద పెడితే 145 పీపీఎఫ్‌డీ దాటదు. మొక్క నిలబడుతుంది, చిగురు వేయదు. నాలుగు పెడితే 290, 15 గంటలకి డీఎల్ఐ 15 పైన, అప్పుడు చిగురొస్తుంది. కొమ్మల పైన 10 అంగుళాల ఎత్తులో కట్టండి.

గోంగూరకట్ట:
మిషిగన్ గారూ, ఆకు వెనక కూడా చూడండి. హీటర్ గాలికి ఎర్రనల్లి బాగా పెరుగుతుంది. సన్నని చుక్కలు, బూజులాంటి దారాలు ఉంటే స్నానాల గదిలో షవర్ కింద ఆకుల వెనక బాగా కడగండి, మూడు రోజులకోసారి, మూడు సార్లు. వేపనూనె 5 మిల్లీలీటర్లు, కొంచెం లిక్విడ్ సబ్బు, లీటరు నీళ్లలో కలిపి కొట్టొచ్చు, కానీ లైట్లు ఆరాకే. నూనె తడి మీద లైటు పడితే ఆకు కాలుతుంది.

మే నెలలో బయట పెట్టేటప్పుడు నేరుగా ఎండలోకి తీసుకెళ్లకండి. లైటు కింద పెరిగిన ఆకుకి అసలు ఎండ తట్టుకునే శక్తి ఉండదు. మొదట మూడు రోజులు నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో గంట, అలా పది రోజులు తీసుకోండి. ఇంకొకటి: నిమ్మజాతి పంటలని దెబ్బతీసే సిట్రస్ సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియాల నుంచి మొక్కలు తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. ఇండియా నుంచి మొక్క గానీ పచ్చి ఆకు గానీ సూట్‌కేసులో తేవొద్దు.

మిషిగన్_కరివేపాకు:
చాలా థ్యాంక్సండి. వేరు దగ్గర తడి చాలా ఉంది, మీరన్నదే నిజం. ఇక్కడ కొన్న లైటు తర్వాత ఇండియాకి తెచ్చుకోవచ్చా?

తీగపని:
డ్రైవర్ మీద ఇన్‌పుట్ చదవండి. 100–277 వోల్టులు అని ఉంటే రెండు చోట్లా పనిచేస్తుంది, ప్లగ్ మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే ఇక్కడ పెట్టిన క్షణంలో డ్రైవర్ పోతుంది.

తూర్పుగుమ్మం:
ఒక అర బిగించాను, నాలుగు బ్యాటెన్లు, తెల్ల ఫ్లూట్ బోర్డు (ప్లాస్టిక్ అట్ట) మూడు పక్కలా. పది రోజులైంది. పాలకూర మొలకలు సన్నగా సాగి వాలిపోతున్నాయి. కుండీల చుట్టూ చిన్న నల్ల దోమలు తిరుగుతున్నాయి. లైటు ఇప్పుడు మొలకలకి 12 అంగుళాల పైన ఉంది.

వెలుగులెక్క:
పక్కల బోర్డు పెట్టడం చాలా మంచి పని, అంచుల దగ్గర వెలుగు బాగా పెరుగుతుంది. లైటుని కిందికి దించండి, 5 అంగుళాలకి. గొలుసుతో కడితే మొక్కతో పాటు ఎత్తుకోవచ్చు. గొలుసు లేకపోతే కుండీల కింద ఇటుకలు పెట్టి, పెరిగే కొద్దీ తీసేయండి. సాగిన మొలకలు మళ్లీ పొట్టిగా అవ్వవు. మెడ దాకా మిశ్రమం ఎగదోసి నిలబెట్టండి, బాగా పడిపోయినవి తీసి మళ్లీ విత్తండి. ఫోన్‌లో ఫోటోన్ అనే యాప్‌తో కొలవొచ్చు. కెమెరా మీద తెల్ల కాగితం ముక్క అంటించమంటుంది, అది మానేస్తే అంకె తప్పు వస్తుంది. మొలకల ఎత్తులో 200 పీపీఎఫ్‌డీ రావాలి. తర్వాత ఎప్పుడైనా పై ఆకులు తెల్లగా పాలిపోయి, కింది ఆకులు పచ్చగా ఉంటే వెలుగు ఎక్కువైనట్టు, రెండు అంగుళాలు పైకెత్తండి. కింది ఆకులు ముందు పసుపైతే అది చాలాసార్లు వెలుగు సమస్య కాదు, నత్రజని లోపం. లీటరు నీళ్లకి 1 గ్రాము 19:19:19 ఎరువు కలిపి పది రోజులకోసారి పోయండి.

గోంగూరకట్ట:
దోమలు వచ్చాయంటే పై పొర ఎప్పుడూ తడిగా ఉంటోందన్నమాట. ఇంట్లో ఎండా గాలీ లేవు కాబట్టి మిద్దె మీద పోసే నీళ్లలో మూడో వంతు కూడా పట్టదు. పై అంగుళం ఎండనివ్వండి, నీళ్లు అడుగు పళ్లెంలో పోసి అరగంటలో మిగిలింది పారబోయండి. పసుపు జిగురు అట్టలు కుండీకొకటి గుచ్చితే ఎగిరేవి అంటుకుంటాయి, మట్టిలో పురుగులు ఎండుదనానికే పోతాయి. రెండు వారాలు పడుతుంది. ఒక చిన్న యూఎస్‌బీ ఫ్యాను మొక్కలు కొద్దిగా ఊగేలా పెట్టండి. కాడ గట్టిపడుతుంది, నారుకుళ్లు తెగులు రాదు.

తూర్పుగుమ్మం:
ఈ రోజే దించాను, యాప్‌లో మధ్యలో 240, చివర 150 వచ్చింది. రెండో అరలో రెండు బ్యాటెన్లతో ముల్లంగి మైక్రోగ్రీన్స్ వేద్దామని. విత్తనం ఎంత?

నారుమడి:
దీనికి నేను చెబుతాను. 10×20 అంగుళాల ట్రేకి 25 నుంచి 30 గ్రాములు, మందు పట్టించని విత్తనమే తీసుకోండి. నాటే విత్తనాల ప్యాకెట్ల మీద రంగు పూత ఉంటుంది, అది తినేవాటికి పనికిరాదు. ఆరు గంటలు నానబెట్టి, తడి కోకోపీట్ మీద ఒకదాని మీద ఒకటి పడకుండా చల్లి, పైన ఇంకో ట్రే బోర్లించి దాని మీద రెండు కిలోల బరువు పెట్టండి. మూడు రోజులు చీకటి. నాలుగో రోజు లైటు కిందికి, 14 గంటలు. వేరు దగ్గర తెల్లని నూగు కనిపిస్తే కంగారు పడకండి, నీళ్లు చల్లితే అణిగిపోయేది వేరు నూగు, అణగకుండా సాలెగూడులా పాకేది బూజు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో కోత. ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్లు ఆపండి, ఆకు పొడిగా ఉంటే ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులు ఉంటుంది.